కొత్త వచ్చేదాకా

"తల్లి మూఢనమ్మకం కారణంగా మందు ఆపివేయడమైనది."

ఈ ఒక్క వాక్యం చదివిన దగ్గర్నుంచి నాకు అన్నం సహించడం లేదు. జిల్లా నుంచి వచ్చిన కాగితం మీద, చక్కటి అక్షరాల్లో, కింద స్టాంపుతో సహా ఉంది. ఆ తల్లి పేరు పాంగి రత్న. ఊరు జీలుగుపుట్టు. బొర్రా దాటాక రైలు పట్టాలు వదిలేసి కొండెక్కితే రెండు గంటల నడక. ఆమె కూతురు రమణి, నేను పనిచేసే గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలలో ఎనిమిదో తరగతి చదువుతోంది. నా పేరు ఉమామహేశ్వరి. బొబ్బిలి వైపు మనిషిని, ఇరవై రెండేళ్లుగా ఈ కొండల్లో జీవశాస్త్రం చెబుతున్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన అంటాడు. ఉండనీ. ఈసారి దానికి పని పడింది.

మూఢనమ్మకమట. రత్నకట. ఆ రాసినాయన రత్న ముందు కూర్చుని ఒక్క గంట పాఠం వింటే బాగుపడేవాడు. నేను విన్నాను కాబట్టే బాగుపడ్డాను.

రత్న చదివింది ఏడో తరగతి. ఎనిమిదికి వేరే ఊరు వెళ్లాలి. ఆ ఏడు వాళ్ల నాన్న కల్లు గీస్తూ జీలుగు చెట్టు మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. చోడి, అంటే రాగి, కోతకు ఇంట్లో మనిషి లేక రత్న పలక పక్కన పెట్టింది. పంతొమ్మిదేళ్లకు గోపిని చేసుకుంది. గోపికి ఎకరం కాఫీ తోట, నీడ చెట్లకు పాకించిన మిరియం తీగలు ఉన్నాయి. నెమ్మదస్తుడు, ఎక్కువ మాట్లాడడు. వాళ్లకు మొదట పుట్టినవాడు కామేష్.

ఏడాది నిండకముందే ఆ పిల్లాడికి చేతులూ కాళ్లూ వాచేవి. గాలి తగిలిందన్నారు కొందరు. పాలు పడలేదన్నారు కొందరు. ఆసుపత్రికి తీసుకెళ్తే జ్వరం బిళ్లలిచ్చి పంపారు. మూడేళ్లు నిండకుండానే, వానల్లో డోలీ కట్టి కిందికి దించుతుంటే, దారిలోనే పోయాడు. ఏ రోగంతో పోయాడో ఎవరూ చెప్పలేదు. రత్న కొన్నాళ్లు ఏడ్చింది, ఆ తర్వాత మండిపడింది. "పేరు కూడా నేని రోగంతో నా కొడుకు సచ్చిపోడమేటి?" అని కనబడ్డ ప్రతివాళ్లనీ అడిగింది. ఊళ్లో ఆశా కార్యకర్త పని ఖాళీ పడితే ఎవరూ చెప్పకుండానే వెళ్లి చేరింది. ఆ పేరేదో తనే తెలుసుకోవాలని.

తర్వాత రమణి పుట్టింది. ఆరు నెలలు బొద్దుగా, నవ్వుతూ ఉంది. ఏడో నెలలో వేళ్లు వాచాయి. రత్న ఆ వేళ్లను చూసి ఎలా తట్టుకుందో నేను అడగలేదు, అడిగే ధైర్యం నాకు లేదు. ఈసారి గాలి అన్నవాళ్ల మాట వినలేదు. పిల్లను వీపున కట్టుకుని ఎక్కడ రక్తపరీక్షల శిబిరం పెడితే అక్కడికల్లా వెళ్లింది. చివరికి పేరు దొరికింది. సికిల్ సెల్. రక్తకణాలు గుండ్రంగా ఉండాల్సింది పోయి కొడవలిలా వంగిపోయి, సన్నటి నాళాల్లో ఇరుక్కుపోతాయి. ఇరుక్కున్న చోటల్లా నొప్పి. అమ్మ దగ్గర్నుంచి ఒక చెడ్డ జన్యువు, నాన్న దగ్గర్నుంచి ఇంకొకటి, రెండూ కలిస్తేనే వస్తుంది. ఒక్కటే ఉన్న రత్నా గోపీ గుండ్రాయిల్లా ఆరోగ్యంగా ఉన్నారు.

నేను రత్నను మొదటిసారి చూసింది రమణిని ఆరో తరగతిలో చేర్చడానికి వచ్చినప్పుడు. వరండాలో కూర్చుని కొంగులోంచి మందు డబ్బా తీసింది. రోజుకొక గొట్టం బిళ్ల, అదే క్యాప్సూల్, తిన్నాక, మరవకూడదు అని చెప్పింది. నేను కళ్లజోడు సర్దుకుని పెద్ద ప్రొఫెసర్లా అన్నాను.

"జన్యువులో ఉన్నదానికి బిళ్ల ఏం చేస్తుంది రత్నా? అది తలరాత లాంటిది. పుట్టుకతో రాసేసి ఉంటుంది."

ఇరవై ఏళ్లుగా పిల్లలకు నేను చెప్పిన ముక్క అదే. నలుపూ తెలుపూ, పొట్టీ పొడుగూ, అన్నీ రాసిపెట్టి ఉంటాయి, అంతే. పరీక్షలో కూడా అదే రాయించాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను.

రత్న నా వైపు జాలిగా చూసింది. "రాత మారదు టీచరమ్మా. ఏది సదవాల, ఏది సదవకూడదు అన్నది మారతాది. విశాఖలో బిందుమాధవి డాక్టరమ్మ సెప్పారు. మీకు సెప్పమంటారా?"

చెప్పమన్నాను. ఒక ఆశా కార్యకర్త నాకు పాఠం చెప్పడమేమిటన్న అహంకారం లోపల ఉంది, కాదనను.

"ఒళ్లంతా ప్రతి కణంలోనూ అన్ని జన్యువులూ ఉంటాయంట. కంట్లోనూ అవే, కాలి గోట్లోనూ అవే. మరి కన్ను గోరు లాగ ఎందుకు పెరగదు? కన్ను తనకి కావాల్సినవే తెరుసుకుంటాది, మిగతావి మూసీసి ఉంచుతాది. అలగే కడుపులో బిడ్డకి రక్తం చేసే జన్యువు ఒకటుంటాది. బయటికొచ్చాక ఆరు నెల్లలో కణం దాన్ని మూసీసి పెద్దోళ్ల జన్యువుని తెరుస్తాది. మా గుంట రమణికి ఆ పెద్దోళ్లదే తప్పుగా ఉంది. అందుకే ఆరు నెల్లు బాగుంది, ఏడో నెల్లో వాచింది. నేను డాక్టరమ్మని అడిగాను, మూసీసింది సచ్చిపోయిందా అని. నేదు, అక్కడే ఉంది అన్నారు. మరి మూసిందెవులు అన్నాను. నవ్వి, కణమే కాపలా పెట్టుకుంటాదమ్మా, ఆ కాపలా ఎళ్లి జన్యువు మొదట్లో కూకుంటే సదవడం అవ్వదు అన్నారు. ఈ బిళ్ల ఏసుకుంటే ఆ కాపలా కొంచెం వొదులవుతాదంట. సిన్నప్పటి రక్తం మళ్లీ కొంత తయారవుతాది. అది కలిస్తే కణం వంగిపోదు."

తర్వాత తనకు తట్టిన మాట చెప్పింది. "మా కొత్త లాంటిదే టీచరమ్మా."

ఈ కొండల్లో కొత్త అంటే పండగ. మామిడి కొత్త, చిక్కుడు కొత్త, కొర్ర కొత్త. పంట చేతికొచ్చినా సరే, దిసారి రోజు చూసి చెప్పి, దేవతకు పెట్టేదాకా ఎవరూ నోట పెట్టరు. దిసారి అంటే మంచిచెడ్డలు చూసి రోజు నిర్ణయించే పెద్ద.

"ఇంటెనకాల పాదు నిండా సిక్కుడు కాయలుంటాయి. సేతికందుతాయి. కొత్త అయ్యేదాకా ఒక్క కాయ కోస్తామేటి? కాయ నేకనా? ఉంది. రోజు రానేదు, అంతే. మా గుంట ఎముకల మూలుగలో మంచి విత్తనం ఉంది. దానికి రోజు రానీకుండా మూసీసారు. ఈ బిళ్ల రోజూ దానికి కొత్త చేస్తాది."

స్టాఫు రూములోకి వెళ్లాను. సగం సిగ్గుతో, సగం పంతంతో వారం రోజులు పుస్తకాలు తిరగేశాను. ఆమె చెప్పిందే నిజం. కడుపులో బిడ్డ ఊపిరి తీయదు, తల్లి రక్తంలోంచే ప్రాణవాయువు లాక్కోవాలి, అందుకే దానికి వేరే రకం రక్తం. పుట్టాక ఆ అవసరం తీరిపోతుంది కాబట్టి కణం జన్యువు మారుస్తుంది. ఆ బిళ్ల లోపల సరిగ్గా ఎలా పనిచేస్తుందో శాస్త్రజ్ఞులకే ఇంకా పూర్తిగా తెలియదు, పనిచేస్తుందని మాత్రం తెలుసు. ఆ ఏడు నుంచి నా పాఠం మారింది. చిక్కుడు పాదుతో మొదలుపెడతాను. వెనక బెంచీ పిల్లలు కూడా తలూపుతారు.

రత్న ఈ మాట అయిదూళ్లలో చెప్పింది. అంతవరకు ఆ బిళ్లలు తీసుకెళ్లి గూట్లో పెట్టేసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఎవడో దాని మీద క్యాన్సర్ అని రాసుందని చెప్పాడట. కొత్త మాట విన్నాక వేసుకోవడం మొదలుపెట్టారు. దానికి కొత్త బిళ్ల అని పేరు పడిపోయింది. పండగ పేరు మందుకు పెడతావా, దిసారికి అపచారం కాదా అని ఒకరిద్దరు గొణిగితే, రత్న నేరుగా దిసారి గాసి దగ్గరికే వెళ్లింది. డెబ్భై ఏళ్ల మనిషి. చుట్ట ఆర్పి అన్నాడట, "పెట్టుకో. కానీ మందుకి నన్ను రోజు అడక్కండి. బిడ్డకి పాలియ్యడానికి తల్లి నన్నొచ్చి రోజు అడుగుతాదేటి? రోజూ ఇయ్యి." ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత మండుతుంది.

రమణికి బిళ్ల మొదలుపెట్టకముందు ఏడాదికి నాలుగైదుసార్లు వచ్చే నొప్పులు దాదాపు పోయాయి. ఖోఖోలో మా పాఠశాల జట్టులో చేరింది. నీళ్లు ఎక్కువ తాగు, ఎక్కువ అలిసిపోకు అని నేను అరుస్తుంటే వినేది కాదు. అలా వినకపోవడం చూసి లోపల సంతోషించేదాన్ని.

పోయిన జూన్‌లో బిళ్లలు అయిపోయాయి. రత్న ఆరోగ్య కేంద్రానికి వెళ్లింది. మందులిచ్చే ఆయన, "పాత స్టాక్ అయిపోయింది. కొత్తది వచ్చేదాకా ఆగండి" అన్నాడు. పదిహేను రోజులకు మళ్లీ వెళ్లింది. కొత్తది రాలేదు. జూలైలో వానకు పొంగిన గెడ్డ దాటి మూడోసారి వెళ్లింది. కొత్తది రాలేదు. మూడు రోజుల తేదీలూ తన ఆశా డైరీలో రాసుకుంది.

అప్పుడు నా దగ్గరికి వచ్చింది. అరకు మందుల షాపులో అడిగాను, అడిగేవాళ్లు లేరు కాబట్టి తెప్పించం అన్నారు. "శనివారం విశాఖ వెళ్తున్నాను, తెస్తాలే" అన్నాను. ఆ శనివారం పాఠశాలలో తనిఖీ పడింది. రికార్డులు రాస్తూ కూర్చున్నాను. వచ్చే శనివారం అనుకున్నాను. ఆ వచ్చే శనివారం కూడా ఏదో అడ్డం వచ్చింది, అదేమిటో ఇప్పుడు గుర్తు కూడా లేదు. తిలా పాపం తలా పిడికెడు అంటారు కదా, అందులో నా పిడికెడు నాది.

ఆగస్టు రెండో వారంలో రమణి తరగతిలో బల్ల మీద తల వాల్చింది. తొడల్లో నొప్పి అంది. కాసేపటికి ఛాతీలో అంది. ఊపిరి అందక పెదవులు రంగు మారుతుంటే జీపులో వేసుకుని పరిగెత్తాం. ఆ రోజే విశాఖ పంపారు. పన్నెండు రోజులు ఉంది, రక్తం ఎక్కించారు. చూడటానికి వెళ్లినప్పుడు నన్ను అడిగింది.

"టీచర్, నా లోపల కొత్త ఆగిపోయిందా?"

ఆ పిల్ల అడిగింది పాఠం గురించే. నేను బయటికి వచ్చి గోడకు ఆనుకుని ఏడ్చాను.

బతికింది. బిందుమాధవి డాక్టరమ్మ రెండు వారాలకు బిళ్లలిచ్చి, మిగతావి మీ దగ్గరే తీసుకోండి అని చీటీ రాసి పంపింది. అప్పుడు మొదలైంది అసలు ప్రహసనం. మందు వాడుతున్నట్టు లెక్కలో ఉన్న పిల్లకు ప్రాణం మీదికి ఎందుకొచ్చిందని పై నుంచి ప్రశ్న వచ్చిందట. విచారణకు జగదీష్ అనే అధికారి వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు, అరవడు కరవడు. గిరిజన ఆచారాల మీద మూడు రోజుల శిక్షణ కూడా తీసుకున్నాడు. చదవేస్తే ఉన్న మతి పోయిందన్న సామెత ఊరికే పుట్టలేదు.

జీలుగుపుట్టు వెళ్లి రత్నను అడిగాడు. "మందు ఎందుకు ఆపావమ్మా?"

"కొత్త వచ్చేదాకా ఆగమన్నారు సారు."

ఆయన కళ్లు మెరిసి ఉంటాయి. మూడు రోజుల శిక్షణ ఎదురుగా వచ్చి నిలబడింది మరి. పక్కింటి ఆమెను అడిగితే, "అవును సారు, ఆ గుంటది కొత్త బిళ్లే" అంది. ఊళ్లో కొత్త రోజు చెప్పేదెవరని అడిగితే గాసి అన్నారు. ఇంకేం కావాలి? కొత్త పండగ వచ్చేదాకా మందు వేయవద్దని దిసారి గాసి చెప్పగా తల్లి ఆపేసిందని రాసుకుని కొండ దిగిపోయాడు. ఆగమన్నది ఎవరు అని ఒక్క ప్రశ్న అడిగితే సరిపోయేది. ఒక్కటంటే ఒక్కటి. అడగలేదు. కొండమీద మనుషులు ఏం చెబుతారో వినకముందే ఈ అధికారులకు తెలుసు.

రత్నకు ఆయన ఏం రాశాడో తెలియదు. సెప్టెంబరు మొదట్లో, బిళ్లలు ఇంకా రెండు రోజులకు ఉన్నాయనగా, ఆరోగ్య కేంద్రానికి రమ్మని కబురు వచ్చింది. నన్ను తోడు రమ్మంది. వెళ్లాం. బల్ల మీద కాగితం సిద్ధంగా ఉంది. మందు సక్రమంగా వాడని కుటుంబాల జాబితాలో రమణి పేరు చేర్చారట. మూఢనమ్మకంతో ఆపాను, ఇకమీదట ఆపను అని తల్లి ఒప్పుకుని సంతకం పెడితేనే బిళ్లలు ఇంటికిస్తారట. కింద అచ్చులో "చదివి వినిపించగా విని, సరియని ఒప్పుకొని చేసిన సంతకం" అని ఉంది. చదివి వినిపించినవాడు లేడు. నేనే చదివాను, నా ఒళ్లు మండిపోయింది.

"ఇది అబద్ధం" అన్నాను.

"మేడం, వాళ్ల మంచికే. ఒక్క సంతకం" అన్నాడు జగదీష్, మెత్తగా.

అప్పుడే మందులిచ్చే ఆయన లోపలి గదిలోంచి అట్టపెట్టె పట్టుకొచ్చి బల్ల మీద పెట్టాడు. "కొత్తది నిన్ననే వచ్చింది సార్. జూన్‌లో పాతది అయిపోయాక మళ్లీ ఇప్పుడే" అన్నాడు. పాపం, తనేమన్నాడో తనకు తెలియదు.

నేను జగదీష్ మొహం చూశాను. ఆయనకు అర్థమైంది. మెడ దగ్గర్నుంచి ఎర్రబడటం నాకు కనిపించింది.

"విన్నారుగా సార్. ఇదీ ఆ కొత్త" అన్నాను. "దిద్దండి."

ఆయన ఆ పెట్టె వైపు చూశాడు. తర్వాత తల దించుకుని, "అప్‌లోడ్ అయిపోయింది మేడం. మార్చడానికి ఆప్షన్ లేదు" అన్నాడు.

ఆప్షన్ లేదట. పిల్ల మూలుగలో ఏళ్ల తరబడి మూసి ఉన్న జన్యువును తెరవడానికి ఆప్షన్ ఉంది. మనిషి రాసిన ఒక్క ముక్క దిద్దడానికి లేదు. నా నోటికి వచ్చినవన్నీ అన్నాను. ఇక్కడ రాయలేను. బయట సూదుల కోసం వరసలో ఉన్నవాళ్లంతా గుమ్మంలోకి వచ్చేశారు.

రత్న ముందుకు వచ్చింది. కలం తీసుకుంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"పెట్టకు రత్నా. నేను విశాఖ నుంచి తెస్తాను. రెండు రోజుల్లో తెస్తాను."

"పోయినసారీ తెస్తానన్నారు టీచరమ్మా" అంది.

కోపంగా అనలేదు. ఉన్నమాట చెప్పింది, అంతే. నేను ఆమె చెయ్యి వదిలేశాను. రత్న కాగితం మీద గుండ్రటి అక్షరాల్లో పాంగి రత్న అని రాసి, పెట్టె వైపు చెయ్యి చాపింది. "బేగి ఇయ్యండి సారు. గుంట తిన్నాక ఏసుకోవాల."

తిరిగి వస్తుంటే దారిలో గాసి ఎదురయ్యాడు. జరిగింది చెప్పాను, నీ పేరు కూడా రాశారు తాతా అన్నాను. ఆయన "రోజూ ఇయ్యమన్నాను కదా" అన్నాడు. రత్న ఆయన కాళ్లు ముట్టుకుంది. అబద్ధానికి ఆమె క్షమాపణ అడిగింది ఒక్క ఆయన్నే.

మరుసటి ఆదివారం రత్న మా ఇంటికి వచ్చింది. కొంగులోంచి తన ఆశా డైరీ, దాంతోపాటు ఒక కొత్త నోటుపుస్తకం తీసి నా ముందు పెట్టింది.

"ఆళ్ల కాగితం మీద సంతకం పెట్టాను. ఇప్పుడు మీరు ఇంకోటి రాయండి. జరిగింది జరిగినట్టు. దాని కింద కూడా పెడతాను."

"దీన్ని ఎవరు చదువుతారు రత్నా?"

"రాయకుండా ఉంటే ఎవులూ సదవరు కదా."

రాశాను. మీరు ఇప్పటిదాకా చదివింది అదే. మా ఇంటి గడప మీద కూర్చుని ఆమె మొత్తం విన్నది. మూడు చోట్ల ఆపింది. డైరీలో ఉన్న తేదీలు కూడా వెయ్యమంది. అవి జూన్ తొమ్మిది, జూన్ ఇరవై నాలుగు, జూలై పదిహేడు. నా శనివారాల సంగతి తీసెయ్యబోతే వద్దు, ఉండనియ్యండి అంది. సంతకం దగ్గర నేను మొదట "నిస్సహాయంగా పెట్టింది" అని రాశాను. దాన్ని కొట్టేయించింది.

"నిస్సహాయం కాదు. అబద్ధమని తెలిసే పెట్టాను. నా గుంట కోసం పెట్టాను. అలగే రాయండి."

చదివి వినిపించగా విని, దిద్దించి, సరియని ఒప్పుకొని చేసిన సంతకం:

పాంగి రత్న